రోగి మంచం పక్కన పాఠం: సర్ విలియం ఓస్లర్

వైద్య గ్రంథాలలో వ్యాధులు వరుసగా కూర్చుని ఉంటాయి. ప్రతి వ్యాధికి ఒక పేరు, ఆ పేరు కింద కారణం, లక్షణాలు, చికిత్స క్రమంగా కనిపిస్తాయి. రోగి మాత్రం అంత క్రమంగా రాడు. మూడు రోజుల నుంచి ఒళ్ళు కాలిపోతున్నదని, అన్నం సహించడం లేదని, రాత్రి కన్ను మూతపడలేదని చెబుతాడు. అతని బాధ ఏ అధ్యాయానికి చెందినదో అతనికి తెలియదు. తేల్చుకోవలసినవాడు వైద్యుడు. అందుచేత వైద్యవిద్యలో ఒక చిక్కు ప్రశ్న చిరకాలంగా ఉన్నది. ముందు శాస్త్రమంతా ఉపన్యాసాల ద్వారా విని, ఆ తరువాత రోగిని చూడాలా? లేక రోగి మోసుకొచ్చిన సమస్యను ముందు పెట్టుకొని, దానిని విప్పడానికి శాస్త్రాన్ని వెతుక్కోవాలా? ఈ ప్రశ్నతో తన జీవితాన్ని ముడివేసుకున్న మహావైద్యుడు, మహోపాధ్యాయుడు విలియం ఓస్లర్.

ఓస్లర్ 1849వ సంవత్సరం జూలై 12వ తేదీన కెనడాలోని బాండ్ హెడ్ అనే పల్లెలో జన్మించారు. అది అడవులు నరికి అప్పుడప్పుడే పొలాలు చేసుకుంటున్న ప్రాంతం. తండ్రి ఫెదర్‌స్టన్ ఓస్లర్ తొలుత నౌకాదళంలో పనిచేసి, తరువాత మతాచార్యుడై, 1837లో ఇంగ్లండు నుంచి అక్కడికి వలస వచ్చినవాడు. తల్లి ఎలెన్. ఆ దంపతుల కుమారులలో విలియం అందరికన్నా చిన్నవాడు. 1857లో ఆ కుటుంబం డండస్ పట్టణానికి మారింది. హామిల్టన్ నగరానికి అది కూతవేటు దూరం. ఈ ఊరి పేరు జ్ఞాపకం ఉంచుకోదగినది. మళ్ళీ దీని ప్రస్తావన వస్తుంది.

మహనీయుల బాల్యం అనగానే వినయం, ఏకాగ్రత అని రాయడం వాడుక. విలియం విషయంలో ఆ వాడుక చెల్లదు. డండస్ పాఠశాల గదిలోకి బాతుల గుంపును తోలిన ఘనుడతడు. తాళపుచెవి రంధ్రంలోంచి ఉపాధ్యాయుణ్ణి దూషించినందుకు ఆ బడి నుంచి బహిష్కృతుడయ్యాడు. తరువాత చేరిన వెస్టన్ పాఠశాలలో, తమకు గిట్టని ఇంటి నిర్వాహకురాలిని గదిలో బంధించి, ఘాటైన పొగపెట్టిన విద్యార్థులలో అతడూ ఒకడు. ఆ కేసు న్యాయస్థానం వరకు వెళ్ళింది. కుర్రవాళ్ళు కొద్ది రోజులు టొరంటో జైలులో ఉండవలసి వచ్చింది. న్యాయవాది అయిన అన్నగారు వచ్చి విడిపించారు. పరిహాసప్రియత్వం ఓస్లర్‌ను జీవితాంతం వదలలేదు. పెద్దవాడైన తరువాత కూడా మారుపేరుతో కట్టుకథలు రాసి వైద్య పత్రికలకు పంపి సంపాదకులను ఆటపట్టించేవారు. ఈ గుణం వల్ల ఆయనకు ఒకసారి పెద్ద నష్టమే జరిగింది.

ఆ వెస్టన్ పాఠశాలలోనే విలియం జీవితం మలుపు తిరిగింది. దాని స్థాపకుడు విలియం ఆర్థర్ జాన్సన్ మతబోధకుడు, ప్రకృతి పరిశీలకుడు. పిల్లలను వెంటబెట్టుకొని చెరువుల గట్ల వెంట తిరిగేవాడు. నాచును, రాళ్ళలోని శిలాజాలను ఏరించేవాడు. సాయంత్రం వాటిని గాజు పలకలపై అమర్చి సూక్ష్మదర్శినిలో చూపించేవాడు. బాతులను తోలిన కుర్రవాడు ఆ కటకం ముందు గంటల కొద్దీ కదలకుండా కూర్చునేవాడు. చెప్పినది విని వల్లించడం కంటె చూసినది అడిగి తెలుసుకోవడం ఎంత రుచిగా ఉంటుందో అతనికి అక్కడ తెలిసింది. సర్ థామస్ బ్రౌన్ అనే పూర్వ వైద్యుని రిలీజియో మెడిచీ గ్రంథాన్ని పరిచయం చేసినవాడు కూడా జాన్సనే. విలియం కొనుక్కున్న ఆ గ్రంథపు ప్రతి జీవితాంతం ఆయన వెంట ఉన్నది.

తండ్రి దారిలో మతాచార్యుడు కావాలని 1867లో టొరంటో ట్రినిటీ కళాశాలలో చేరిన విలియం, ఏడాది తిరగకుండానే మనసు మార్చుకొని వైద్యవిద్యకు మళ్ళారు. అక్కడ జేమ్స్ బోవెల్ అనే వైద్యాచార్యుడు ఆయనను చేరదీసి, తన గ్రంథాలయాన్ని అప్పగించారు. ఆ గురువుపై శిష్యుని ప్రేమ ఎంతటిదంటే, వృద్ధాప్యంలో సభలలో కూర్చున్నప్పుడు కూడా పరధ్యానంగా కాగితంపై బోవెల్ పేరే రాస్తూ ఉండేవారట. 1870లో మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి మారి, 1872లో పట్టా పొందారు. అక్కడ పామర్ హోవర్డ్ మూడవ గురువయ్యారు. మెక్‌గిల్ వైద్యకళాశాల స్కాట్లండులోని ఎడింబరో సంప్రదాయంలో నడిచేది. విద్యార్థులు మాంట్రియల్ జనరల్ ఆసుపత్రి వార్డులలోకి వెళ్ళి రోగులతో మాట్లాడడానికి వీలుండేది. ఆ రోజులలో ఉత్తర అమెరికా ఖండంలో ఇది అరుదైన అవకాశం.

అది ఎంత అరుదో చెప్పాలంటే ఆనాటి అమెరికా వైద్యకళాశాలల స్థితి కొంచెం తెలియాలి. వాటిలో చాలా వరకు ఆచార్యులే సొమ్ము పెట్టి నడుపుకునే వ్యాపార సంస్థలు. ఫీజు కట్టగలిగితే చేరవచ్చు. చదువు రెండు శీతకాలాలు మాత్రమే. మొదటి ఏడాది విన్న ఉపన్యాసాలనే రెండవ ఏడాది మళ్ళీ వినేవారు. రోగిని చూపించినా ఎత్తైన మెట్ల బల్లల గదిలో, దూరాన పడుకోబెట్టి చూపించేవారు. పై వరుసలో కూర్చున్న విద్యార్థికి రోగి ముఖం కూడా సరిగా కనబడేది కాదు. ఒక్క గుండె చప్పుడైనా స్వయంగా వినకుండా, ఒక్క కాన్పు అయినా చూడకుండా పట్టా పుచ్చుకొని ఊళ్ళో బోర్డు కట్టుకున్నవారు ఎందరో! వారి మొదటి పాఠాలు అమాయక రోగుల శరీరాల మీద జరిగేవి. ఉపన్యాస పద్ధతిని తప్పుపట్టడం కాదు గాని, ఉపన్యాసం తప్ప మరొకటి లేకపోవడం ఎంత ప్రమాదమో ఈ స్థితి చెబుతుంది. శస్త్రం పట్టే ముందు గుమ్మడి, దోస వంటి కాయల మీద కోతలు అభ్యసించాలని విధించిన మన సుశ్రుత సంహిత ఈ ప్రమాదాన్ని ఎన్నడో గుర్తించింది.

పట్టా పొందాక ఓస్లర్ రెండు సంవత్సరాలు లండన్, బెర్లిన్, వియన్నా నగరాలలో గడిపారు. లండన్ ప్రయోగశాలలో రక్తాన్ని పరిశీలిస్తూ, నేడు ప్లేట్‌లెట్లు అని పిలుస్తున్న సూక్ష్మ కణాలను స్పష్టంగా వర్ణించిన తొలి శాస్త్రజ్ఞులలో ఒకరయ్యారు. తిరిగివచ్చి డండస్ ప్రాంతంలో కొద్దికాలం వైద్యం చేశారు. అప్పుడు లెక్కల పుస్తకంలో రాసుకున్న తొలి సంపాదన, ఒకరి కంటిలో నలుసు తీసినందుకు యాభై సెంట్లు.

1874లో మెక్‌గిల్ ఆయనను అధ్యాపకునిగా పిలిచింది. ఆయనకప్పుడు పాతికేళ్ళు. నిజం చెప్పాలంటే ఓస్లర్ గొప్ప వక్త కారు. తడబడుతూ ఉపన్యసించేవారు. అయితే తాను చెప్పలేనిదానిని విద్యార్థికి చూపించగలనని ఆయనకు తెలుసు. చూపించడానికి సూక్ష్మదర్శినులు కావాలి. కళాశాల వద్ద అంత డబ్బు లేదు. మశూచి వార్డు బాధ్యత ఎవరూ ఇష్టపడి తీసుకోని రోజులవి. ఓస్లర్ దానిని స్వీకరించారు. వ్యాధి సోకి తానూ మంచం పట్టారు గాని అదృష్టవశాత్తు అది తేలికగా పోయింది. ఆ పనికి లభించిన ఆరువందల డాలర్లతో విద్యార్థుల కోసం సూక్ష్మదర్శినులు తెప్పించారు. ఆసుపత్రిలో మరణించిన రోగుల శవపరీక్షలు వందల సంఖ్యలో స్వయంగా చేసి, రోగి బ్రతికి ఉండగా వైద్యులు అనుకున్నదేమిటి, లోపల ఉన్నదేమిటి అని పోల్చి విద్యార్థులకు చూపేవారు. తమ నిర్ణయం తప్పినప్పుడు దానిని దాచకుండా చూపడం ఆ పాఠంలో ముఖ్యభాగం.

1884లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళాలా వద్దా అని తేల్చుకోలేక నాణెం ఎగరవేసి నిర్ణయించుకున్నారని ప్రతీతి. అక్కడి విద్యార్థులకు గంభీరమైన కంఠంతో, అలంకారాలతో ఉపన్యసించే ఆచార్యులు అలవాటు. కొత్త ఆచార్యుడు బల్ల అంచున కూర్చుని కాళ్ళూపుతూ, మాటకు మాటకు ఆగుతూ మాట్లాడడం చూసి మొదట నిరాశపడ్డారు. వారం పది రోజులు ఆయన వెంట వార్డులలో తిరిగాక వారి అభిప్రాయం మారిపోయింది.

బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లో ప్రారంభమైనప్పుడు ఓస్లర్ దాని ప్రధాన వైద్యులుగా నియమితులయ్యారు. దానికి అనుబంధంగా వైద్యకళాశాల తెరవాలని సంకల్పం. కాని నిధులు చాలలేదు. అప్పుడు మేరీ ఎలిజబెత్ గారెట్ నాయకత్వంలో కొందరు మహిళలు ముందుకు వచ్చారు. గారెట్ ఒక్కరే మూడు లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. అయితే ఊరకే ఇవ్వలేదు. స్త్రీలను పురుషులతో సమానమైన నియమాలపై చేర్చుకోవాలని, పట్టభద్రులకే ప్రవేశం ఇవ్వాలని షరతులు పెట్టారు. ఆ షరతులు చూసి, తాము ఆచార్యులుగా ముందే చేరడం మంచిదయింది, విద్యార్థులుగా అయితే తమకు సీటు దొరికేది కాదని ఓస్లర్ సహచరుడు వెల్చ్‌తో హాస్యమాడారట. 1893లో పద్ధెనిమిది మందితో కళాశాల మొదలైంది. వారిలో ముగ్గురు స్త్రీలు.

ఇక్కడ ఓస్లర్ తన ఆలోచనను పూర్తిగా ఆచరణలో పెట్టారు. మొదటి రెండేళ్ళు విద్యార్థులు శరీర నిర్మాణం, శరీర ధర్మం, వ్యాధి విజ్ఞానం ప్రయోగశాలలలో నేర్చుకునేవారు. మూడవ ఏడు బయటి రోగుల విభాగానికి వెళ్ళేవారు. ఆ ఉదయమే వచ్చిన, ఎవరికీ ముందుగా తెలియని రోగిని ఓస్లర్ ఒక విద్యార్థికి అప్పగించేవారు. అందరి ఎదుట ఆ విద్యార్థి రోగిని అడగాలి, కంటితో చూడాలి, చేతితో తాకి పరీక్షించాలి, వేలితో తట్టి ధ్వని వినాలి, ఆపైన స్టెతస్కోపు పెట్టాలి. ఈ వరుస తప్పకూడదు. కళ్ళు చేయవలసిన పనిని చెవులకు అప్పగిస్తే ఓస్లర్ ఊరుకునేవారు కారు. సందేహం వస్తే ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కారు. ఒకరిని గ్రంథాలయానికి పంపి, ఆ విషయంపై ఎవరేమి రాశారో చూసి రమ్మనేవారు. ఆ విద్యార్థి తరువాతి తరగతిలో అందరికీ వివరించాలి. క్రితంసారి చూసిన రోగి ఏమయ్యాడో కూడా చెప్పాలి.

నాలుగవ ఏట విద్యార్థి నేరుగా వార్డులో ఉద్యోగి వంటివాడయ్యేవాడు. అతనికి కొన్ని మంచాలు కేటాయించేవారు. ఆ మంచాలపైకి వచ్చిన రోగుల చరిత్ర రాయడం, రక్తం, మూత్రం పరీక్షించడం, రోజురోజుకు వచ్చే మార్పు నమోదు చేయడం అతని పనులు. ఉదయం తొమ్మిది గంటలకు ఓస్లర్ వార్డులో అడుగుపెట్టేవారు. వెనుక సహాయ వైద్యులు, నర్సులు, విద్యార్థులు. మంచం దగ్గర ఆగగానే ఆ మంచం విద్యార్థి తన రోగిని గురించి చెప్పాలి. రాసుకున్నది చదివితే చాలదు. అడిగినదానికి సమాధానం చెప్పాలి. తెలియకపోతే తెలియదనాలి. ఊహించి చెప్పినవానిని ఓస్లర్ మెత్తగానే అయినా మరిచిపోలేని విధంగా సరిదిద్దేవారు. ఆసుపత్రి యంత్రంలో విద్యార్థి ఒక అవసరమైన భాగం కావాలన్నది ఆయన పట్టుదల. 1903లో న్యూయార్క్‌లో చేసిన ప్రసంగంలో, ఆసుపత్రినే విద్యార్థికి కళాశాలగా మార్చాలని ఆయన వాదించారు.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం లేకపోలేదు. పదిమంది చుట్టూ మూగి తన రోగం గురించి మాట్లాడుకుంటుంటే మంచంపై ఉన్న మనిషి ఏమవుతాడు? పాఠ్య వస్తువుగా మారిపోడా? ఓస్లర్ ఈ సంగతి ఎరిగినవారు. మంచం దగ్గరకు వెళ్ళగానే ముందు రోగిని పలకరించేవారు. భుజంపై చేయి వేసి ఏదో ఒక చిన్న పరిహాసమాడేవారు. గురువు ఎలా నిలబడుతున్నాడో, ఎలా తాకుతున్నాడో, భయపెట్టే మాటను రోగి ఎదుట ఎలా దాటవేస్తున్నాడో విద్యార్థులు గమనించేవారు. ఏ ఉపన్యాసంలోనూ దొరకని పాఠం అది.

బాల్టిమోర్ వార్డులలో మలేరియా రోగులు చాలామంది ఉండేవారు. ప్రతి విద్యార్థీ ఆ రక్తంలోని పరాన్నజీవిని తన కంటితో చూడాలి. ఈ జీవిని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ కనుగొన్నాడన్న వార్తను ఓస్లరే మొదట నమ్మలేదు. తరువాత తానే పరిశీలించి చూసి, తన సందేహం పొరపాటని బాహాటంగా ఒప్పుకున్నారు. ఆ జీవి దోమ శరీరంలో పెరుగుతుందని 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కనుగొన్న సంగతి తెలుగువారందరికీ తెలిసినదే.

శనివారం సాయంత్రాలు విద్యార్థులు ఓస్లర్ ఇంట్లో చేరేవారు. భోజనాల బల్ల చుట్టూ కూర్చుని వారం రోజులలో చూసిన రోగులను గురించి మాట్లాడుకునేవారు. ఆ తరువాత ఆయన పాత వైద్యగ్రంథాలు తెచ్చి చూపేవారు. కొందరు యువ వైద్యులకైతే ఇంటి తాళపుచెవే ఇచ్చి, ఎప్పుడైనా వచ్చి పుస్తకాలు చూసుకోమన్నారు. రోగిని చూడమన్న గురువు పుస్తకాన్ని మూసేయమనలేదు. ఓస్లర్‌ను పుస్తక విరోధిగా చిత్రించేవారు ఈ సంగతి మరువరాదు. 1892లో ఆయన స్వయంగా ప్రచురించిన వైద్యశాస్త్ర గ్రంథం ఎన్నో ముద్రణలు పొంది, దశాబ్దాల పాటు విద్యార్థులకు ప్రామాణిక గ్రంథమయింది. ఏ వ్యాధికి మందు లేదో ఆ గ్రంథంలో నిర్మొహమాటంగా రాశారు. 1897లో దానిని చదివిన ఫ్రెడరిక్ గేట్స్, వైద్యానికి ఇంత తక్కువ తెలుసునా అని విస్తుపోయి, తన యజమాని రాక్‌ఫెల్లర్‌ను ఒక వైద్య పరిశోధన సంస్థ స్థాపనకు ప్రేరేపించాడు. 1901లో ఆ సంస్థ వెలసింది. లేనిదానిని లేదని రాసినందుకు లభించిన ఫలమిది!

ఓస్లర్ నాటిన విత్తనం తరువాత ఎలా పెరిగిందో ఇక్కడ కొంత చెప్పుకోవాలి. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడా దేశాల వైద్యకళాశాలలను పరిశీలించి ఇచ్చిన నివేదికలో జాన్స్ హాప్కిన్స్‌నే ఆదర్శంగా చూపారు. నాసిరకం కళాశాలలు అనేకం మూతపడ్డాయి. రెండేళ్ళు శాస్త్రం, రెండేళ్ళు ఆసుపత్రి అన్న విభజన స్థిరపడింది. కాని కాలం గడిచేకొద్దీ ఆ మొదటి రెండేళ్ళు మళ్ళీ ఉపన్యాసాలతో నిండిపోయాయి. శాస్త్రం పెరిగిపోవడంతో కంఠస్థం చేయవలసినదీ పెరిగింది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఈ విభజననే తొలగించింది. ఇరవై మంది విద్యార్థులతో ప్రారంభమైన ఆ వైద్యకళాశాలలో మొదటి రోజు నుంచే చిన్న బృందాల ముందు ఒక రోగి సమస్యను ఉంచేవారు. తమకేమి తెలుసో, ఏమి తెలియదో వారే చర్చించుకొని, తెలియనిది స్వయంగా చదువుకొని వచ్చి, ఒకరికొకరు బోధించుకోవాలి. ఆచార్యుడు దారి తప్పకుండా చూస్తాడే గాని ఉపన్యసించడు. సమస్యాధారిత అభ్యసనం అని పేరుపొందిన ఈ పద్ధతి ఎన్నో దేశాలకు వ్యాపించింది. మెక్‌మాస్టర్ ఉన్నది హామిల్టన్ నగరంలో. ఓస్లర్ బాల్యం గడిచిన డండస్ పక్కనే.

అయితే ఈ రెండూ ఒకటే అనడం తొందరపాటు. ఓస్లర్ శిష్యులు రోగి వద్దకు వచ్చేనాటికి రెండేళ్ళ ప్రయోగశాల విద్య ముగించినవారు. వారి ముందున్నది ప్రాణమున్న మనిషి. కొత్త పద్ధతిలో సమస్య చాలాసార్లు కాగితంపై ఉంటుంది. ఇక ఫలితాల మాట: అప్పటివరకు జరిగిన అధ్యయనాలను కూర్చి 1993లో వెలువడిన సమీక్షలు సమస్యాధారిత పద్ధతిలో చదివినవారు రోగి పరీక్షలో సమానంగానో, కొంచెం మెరుగుగానో ఉన్నారని, చదువును ఎక్కువగా ఇష్టపడుతున్నారని తేల్చాయి. మౌలిక శాస్త్రాల పరీక్షలలో మాత్రం కొన్నిచోట్ల వెనుకబడ్డారని కూడా చెప్పాయి. పదిమందికి ఒక ఆచార్యుడు కావాలంటే ఖర్చూ ఎక్కువే. వంద మందికి ఒకేసారి ఒక విషయపు ఆనుపానులు చెప్పడానికి మంచి ఉపన్యాసాన్ని మించినది నేటికీ లేదు. భారతదేశంలో 2019లో ప్రవేశపెట్టిన సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక, ఉపన్యాసాలను ఉంచుతూనే, మొదటి సంవత్సరం నుంచే విద్యార్థిని రోగి దగ్గరకు తీసుకువెళ్ళాలని నిర్దేశించింది.

తిరిగి ఓస్లర్ కథకు వద్దాం. 1892లో ఆయన గ్రేస్ రివీర్ గ్రాస్ అనే వితంతువును వివాహమాడారు. పుస్తకం పూర్తయ్యేదాకా పెళ్ళి మాట ఎత్తవద్దని ఆమె అన్నదట. వారి మొదటి బిడ్డ పురిటిలోనే వారం రోజులకు కన్నుమూశాడు. 1895లో రెండవ కుమారుడు రివీర్ పుట్టాడు. నిరంతర శ్రమతో అలసిన ఓస్లర్ 1905లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్య పదవిని చేపట్టారు. బాల్టిమోర్ వీడ్కోలు సభలో, అరవై దాటినవారి వల్ల లోకానికి ఉపయోగం తక్కువని చెబుతూ, ఒక పాత నవలను ఉటంకించి, అటువంటివారిని మత్తుమందుతో సాగనంపే పథకాన్ని గురించి పరిహాసంగా మాట్లాడారు. పత్రికలు దానిని పరిహాసంగా తీసుకోలేదు. వృద్ధులను చంపమన్న వైద్యుడని దేశమంతా గగ్గోలెత్తింది. ఇన్నేళ్ళ సేవ చేసిన నేలను ఆయన ఆ నిందతో వీడవలసి వచ్చింది. బాతులను తోలిన బాలుడు ఎక్కడికీ పోలేదన్నమాట.

ఆక్స్‌ఫర్డ్‌లో వైద్య విద్యార్థులు కొద్దిమందే. అయినా ఆదివారం ఉదయం రాడ్‌క్లిఫ్ ఆసుపత్రి వార్డులలో ఆయన పాఠాలు ఆగలేదు. ఒకనాడు స్నాతకోత్సవానికి వెళ్తూ, కోరింత దగ్గుతో కృశించిపోయిన ఒక పసివానిని చూడడానికి ఆగారు. ఒంటిపై ఎర్రని ఆచార్య వస్త్రాలు ఉన్నాయి. పిల్లవాడు ఏదీ తినడం లేదు. ఓస్లర్ పక్కన కూర్చుని ఒక పీచ్ పండు ఒలిచి, ముక్కలు కోసి, పంచదార అద్ది ఒక్కొక్కటే తినిపించారు. ఆ వస్త్రాలు చూసి పిల్లవాడికి ముచ్చట కలిగిందని గ్రహించి, ఆ తరువాత నలభై రోజులు వచ్చినప్పుడల్లా గుమ్మం బయట అవే వస్త్రాలు ధరించి లోపలికి వెళ్ళారు. పిల్లవాడు కోలుకున్నాడు.

1911లో ప్రభుత్వం ఆయనకు బారనెట్ బిరుదునిచ్చింది. ఆ ఏడే జాన్స్ హాప్కిన్స్‌లో ఆచార్యులను పూర్తికాల జీతగాళ్ళుగా చేసి, బయటి వైద్యం మాన్పించాలన్న ప్రతిపాదన వచ్చింది. ఓస్లర్ దూరం నుంచే గట్టిగా వ్యతిరేకించారు. ఆచార్యులు ప్రయోగశాలలకే అంకితమై, మంచం పక్కకు రావడం మానేస్తారని ఆయన భయం. ఆయన మాట చెల్లలేదు. పరిశోధన వర్ధిల్లిన మాట నిజమే. ఆ భయం పూర్తిగా నిరాధారం కాలేదన్నదీ నిజమే.

1914లో యుద్ధం వచ్చింది. సైనికులు టైఫాయిడ్ టీకా వేయించుకోవాలని ఓస్లర్ ఊరూరా చెప్పారు. పుస్తకాలంటే ప్రాణంగా పెరిగిన కుమారుడు రివీర్ ఫిరంగి దళంలో చేరాడు. 1917 ఆగస్టు చివరి రోజులలో బెల్జియంలో గుండు పేలి తీవ్రంగా గాయపడ్డాడు. తండ్రిని ఎరిగిన అమెరికన్ శస్త్రవైద్యులు ఆ రాత్రి అతని మంచం చుట్టూ నిలిచారు. వారిలో ఓస్లర్‌కు ఆప్తుడైన హార్వీ కుషింగ్ ఒకరు. రక్తం ఎక్కించారు, శస్త్రచికిత్స చేశారు. ఆగస్టు 30 తెల్లవారేసరికి ఇరవై ఒక్క ఏళ్ళ యువకుడు మరణించాడు. ఎందరి బిడ్డల పడకల పక్కనో నిలిచిన తండ్రి, తన బిడ్డ పడక పక్కన ఉండలేకపోయారు. పగలు ఇంటికి వచ్చిన యువ సైనికులను మునుపటిలాగే నవ్వుతూ ఆదరించేవారు. రాత్రి ఆయన గదిలోంచి ఏడుపు వినిపించేది.

1919 శీతకాలంలో న్యుమోనియా ఓస్లర్‌ను పట్టుకుంది. జీవితమంతా ఆయన అధ్యయనం చేసిన వ్యాధే. తన లక్షణాలను తానే గమనించుకుంటూ, ఫలితం ఏమి కానున్నదో ముందే గ్రహించారు. ఈ కేసును ఇంతకాలం వెంటబడి చూసిన తాను చివరి శవపరీక్షకు మాత్రం ఉండలేనని మిత్రులతో హాస్యమాడారు. డిసెంబరు 29న, డెబ్బై ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. జాన్సన్ పరిచయం చేసిన గ్రంథపు ప్రతిని ఆయన శవపేటికపై ఉంచారు. కుషింగ్ 1925లో ప్రచురించిన ఓస్లర్ జీవిత చరిత్రకు మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి లభించింది.

వార్డులలో విద్యార్థులకు వైద్యం బోధించినవాడని తప్ప తన సమాధిపై మరేమీ రాయనక్కరలేదని ఓస్లర్ ఒకప్పుడు కోరుకున్నారు. సేకరించిన ఎనిమిది వేల గ్రంథాలను తాను చదువుకున్న మెక్‌గిల్‌కు ఇచ్చివేశారు. 1929లో అక్కడ ఓస్లర్ గ్రంథాలయం ప్రారంభమైంది. ఆయన, గ్రేస్ చితాభస్మాలను ఆ పుస్తకాల మధ్యనే, గోడలో భద్రపరిచారు.